ఎవరూ నాటని మొక్క



మీ పెరట్లో ఎవరూ నాటని మొక్క ఒకటి మొలిచిందనుకోండి. ఏ కాకో పండు తిని గింజ విడిచిపోయి ఉంటుంది. ఒకరు వేప అంటారు, మరొకరు కొండవేప అంటారు. ఆకు చూడండి. వేపలో ఒకే ఈనెకు ఇరుప్రక్కలా ఆకులు వరుసగా ఉంటాయి; కొండవేపలో ఆ ఈనె మళ్లీ పాయలుగా చీలుతుంది. వేపపువ్వు తెలుపు, కొండవేప పువ్వు లేత ఊదా. కొండవేప కాయలు పిల్లలు తింటే విషం. కనుక గుర్తించడం అవసరమే. అయితే పరీక్షించి గుర్తించాలి గాని, ముందే పెరికివేసి కాదు.

మత్తయి సువార్త 13వ అధ్యాయంలో కలుపు పెరకబోయిన పనివారిని యజమాని ఆపాడు, గోధుమ కూడా ఊడివస్తుందని. 7వ అధ్యాయంలో చెట్టును దాని పండునుబట్టి తెలుసుకోవాలన్నారు ప్రభువు. పండుకు కాలం పడుతుంది.

మన ఇళ్లలోనూ మనం అనుకున్నట్టు ఎదగని బిడ్డ ఉంటాడు. పదో తరగతి తప్పగానే, "వీడు మా వంశంలో ఎవరి పోలికా కాదు" అని పదిమందిలో అనేస్తాం. మాటతో పెరికిన వేరు తిరిగి నాటుకోవడం కష్టం. చెడు సావాసం ఉంటే ప్రేమతో హెచ్చరించండి, అది తల్లిదండ్రుల బాధ్యత. తీర్పు మాత్రం కోతకాలపు యజమానికి విడిచిపెట్టండి. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ బిడ్డను పేరుపెట్టి దేవునికి అప్పగించండి, వాడు వినేలా.