పేరులోని మొదటి రెండక్షరాలు

నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలోని సగరోళి తెలంగాణ సరిహద్దుకు దగ్గరి ఊరు.  ఆ సరిహద్దులో శనగ కాయను తొలిచే పురుగు మరాఠీ రైతుకు ఘాటే అళీ, తెలుగు రైతుకు శనగపచ్చ పురుగు. దానికి రోగం తెచ్చి చంపే సూక్ష్మజీవి మరాఠీలో విషాణూ, తెలుగులో వైరస్. లాటిన్‌లో వైరస్ అంటే విషమే. మన 'విషం'తో ఆ మాటకు మూలబంధుత్వం కూడా ఉంది. అదే చేలో కొట్టే రసాయనాన్ని మాత్రం మనం 'మందు' అంటాం. చంపుతున్నామన్న ఎరుకను ఆ మాట కప్పేస్తుంది. చంపక తప్పని చోట, చంపేదాన్ని సరైన పేరుతో పిలవడం కూడా ధర్మంలో భాగమేనని నా వాదం.

ఈ వైరస్ పాత పేరు న్యూక్లియర్ పాలీహెడ్రోసిస్ వైరస్, పొట్టిగా ఎన్‌పీవీ. గ్రీకులో 'పాలీ' అంటే అనేకం, 'హెడ్రా' అంటే ముఖం, 'ఓసిస్' రోగాన్ని చెప్పే ప్రత్యయం. పురుగు కణకేంద్రకంలో అనేక ముఖాల ప్రోటీన్ స్ఫటికాలు పేరుకునే రోగం కనుక ఆ పేరు. తెలుగులో దీన్ని 'హైడ్రోసిస్' అని రాయడం కద్దు. అప్పుడు ముఖం పోయి నీరు వచ్చి చేరుతుంది. 'ఇంద్రశత్రు' అన్న మాటలో స్వరం తప్పినందుకు యజ్ఞఫలమే తలకిందులైందని కథ చెప్పుకున్న సంప్రదాయం మనది. 1990లలో వర్గీకరణ శాస్త్రజ్ఞులు 'ఓసిస్' తొలగించి న్యూక్లియోపాలీహెడ్రోవైరస్ అన్నారు. మన శాబ్దికుల లెక్కలో ఇది యౌగిక పదం, అవయవాలు విప్పితే అర్థం తెలిసిపోతుంది. అయితే నాకు అన్నిటికన్నా బరువుగా తోచేవి శనగపచ్చ పురుగు వైరస్ పొట్టి పేరు హెచ్‌ఏ ఎన్‌పీవీలోని మొదటి రెండక్షరాలు. అవి హెలికోవెర్పా ఆర్మిజెరా అన్న ఆ పురుగు శాస్త్రీయ నామానికి పొడి అక్షరాలు. ఈ వైరస్ ఆ పురుగునూ దాని దగ్గరి జాతులనూ తప్ప తేనెటీగను గానీ మనిషిని గానీ ముట్టదు. 'పురుగుల మందు' అన్న మాట ఏ పురుగో చెప్పదు. ఈ పేరు చెబుతుంది. హింసకు హద్దు ఎక్కడో పేరులోనే రాసి ఉంది.

రైతుకు గ్రీకు ఎందుకని అడగవచ్చు. గ్రీకు అక్కర్లేదు, ఆ రెండక్షరాలు కావాలి. పొగాకు లద్దెపురుగు కోసం చేసిన ఎన్‌పీవీని శనగపచ్చ పురుగు మీద కొడితే ఫలితం ఉండదు. ఇది ప్రకృతి చేసే పనే కదా, హింస ఎలా అవుతుందని మరికొందరంటారు. దీన్ని నేను ఒప్పుకోను. వైరస్ సోకిన పురుగు మొక్క కొసకు పాకి, తలకిందులుగా వేలాడి, ఒళ్లంతా నీరై చస్తుంది. అందుకు కొన్ని రోజులు పడుతుంది. ఎండకు వైరస్ చచ్చిపోతుందని సాయంత్రం చూసి చల్లింది మనమే. జైనులు సేద్యంలోని హింసను ఉద్యోగ హింస అని వేరుచేసి గృహస్థుకు కొంత వెసులుబాటు ఇచ్చారే తప్ప, అది అహింస అనలేదు. ఇక వైరస్ పేరులోని ఆ మొదటి రెండక్షరాలూ మారి బీఎం అయితే, అంటే బాంబిక్స్ మోరై అయితే, అదే కుటుంబపు వైరస్ పట్టుపురుగును చంపుతుంది. దాన్ని హిందూపురం పట్టు రైతు గ్రాసరీ రోగం అంటాడు, తట్టల్లో చచ్చిన పురుగులను చూసి కుమిలిపోతాడు.