‘మీ ఇష్టం’ అనే మాట

ఆడపిల్లలు క్లాసులో రాసినదాన్ని ఇంటర్నెట్‌లో అందరూ చదివేలా ప్రచురించమని టీచరు అడగవచ్చా? అడిగి, దానికి మార్కులు వేయవచ్చా? స్టాఫ్‌రూములో ఈ ప్రశ్న వేస్తే వింతగా చూస్తారు. మంచి పనే కదా, ఆలోచించడానికి ఏముంది అంటారు. సెమినార్లలో అయితే ‘టెక్నాలజీ ఆడపిల్లలకు గొంతునిస్తోంది’ అన్న వాక్యం తప్పకుండా వినిపిస్తుంది. నాకు ఆ వాక్యంతోనే పేచీ. గొంతు వాళ్ళకు ముందునుంచీ ఉంది. బస్సులోనూ, హాస్టల్ గదిలోనూ, పొలంగట్ల మీదా అది వినిపిస్తూనే ఉంది. కొత్తగా వచ్చింది పాఠకులు. ఆ పాఠకులెవరో, చదివి ఊరుకుంటారో లేదో టీచరుకూ తెలీదు, పిల్లకూ తెలీదు. అయినా బటన్ నొక్కమని చెప్పేది టీచరు, నొక్కి దాని వెంట వచ్చేదంతా భరించాల్సింది పిల్ల.

ఈ పనివల్ల జరిగే మేలు చిన్నదని నేననను. ఒక చిన్న పట్టణంలో డిగ్రీ అమ్మాయిలకు తెలుగు చెప్తున్నాను. పరీక్ష పేపరుకు ఒక్కరే పాఠకులు, ఆ ఒక్కరి చేతిలోనూ ఎర్రపెన్ను ఉంటుంది. తర్వాత ఆ పేపరు ఏమైందో రాసిన పిల్లకు ఎప్పటికీ తెలీదు. అదే పిల్లతో, నువ్వు రాసింది వరంగల్‌లోనో డల్లాస్‌లోనో ముక్కూమొహం తెలీనివాళ్ళు చదువుతారని చెప్పి చూడండి. ‘పూర్వకాలంలో’ అని మొదలుపెట్టే అమ్మాయి ఇంటికెళ్ళి అమ్మనడిగి, అది ఏ సంవత్సరమో కనుక్కుని వస్తుంది. ‘మా ఊరు చాలా అందమైనది’ అన్న వాక్యాన్ని తనే కొట్టేస్తుంది. మేం క్లాసు కోసం వెబ్ పత్రిక మొదలుపెట్టినప్పుడు, ఫోన్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి అలవాటుపడ్డ పిల్లలు, ‘క్ష’ ఎట్లా వస్తుంది, ‘ఙ’ ఎక్కడుంది అని ఒకరి భుజమ్మీంచి ఒకరు తొంగిచూసుకుంటూ పేజీలకు పేజీలు టైపు చేశారు. ఫాంటు లేకపోతే అవతలి కంప్యూటర్లో అక్షరాల బదులు డబ్బాలు కనబడిన రోజులు చూసినవాళ్ళం మనం. యూనికోడ్ వచ్చి ఆ బాధ తీర్చింది. ఆ పిల్లల వేళ్ళ వేగం చూస్తే నాకు సంతోషమే.

మొదటి అసైన్‌మెంటు ‘మా ఇంట్లో ఒక స్త్రీ చేసే పని’. పని ఏమిటి, ఎంతసేపు పడుతుంది, డబ్బు వస్తే ఎవరి చేతికి వస్తుంది, ఇవి రాయాలి. ఒకమ్మాయి వాళ్ళమ్మ బీడీలు చుట్టడం గురించి రాసింది. తునికాకు నానబెట్టి కత్తెరతో కొలతకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం, మెడ వంచుకుని పొద్దంతా కూర్చోవడం, వంట మధ్యలో లేచినప్పుడు చేట మీద తడిగుడ్డ కప్పడం, అన్నీ ఉన్నాయి. కార్ఖానాలో అప్పజెప్పేటప్పుడు బాగాలేవని పక్కన పడేసిన బీడీల గురించీ రాసింది. అవి లెక్కలోకి రావు, తిరిగి చేతికీ రావు. మరి ఎటు పోతాయి అని ఒక్క వాక్యంలో అడిగి వదిలేసింది. అట్లాంటి వ్యాసం చదివిన టీచరుకు అది పదిమందీ చదవాలని అనిపించకుండా ఉంటుందా? ఆ అమ్మాయికీ ఇష్టమే. “పెడదాం మేడం. కానీ అమ్మనడగాలె గదా” అంది. మర్నాడొచ్చి, “అమ్మ వద్దంటుంది. టేకేదారు కొడుకు ఫోన్ల అన్నీ చూస్తడంట. ఆకు ఇయ్యడు అంటుంది” అని చెప్పింది. ఆకు ఇవ్వకపోతే పని పోయినట్టే. పేరు మారుద్దామా, ఊరు తీసేద్దామా అని ఆలోచించాం. తల్లి దానికీ నవ్విందట. “పోయిన బీడీల ముచ్చట రాసినంక పేరెందుకే, వానికి తెల్వదా?”

చిన్న ఊళ్ళో పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగదు. ఈ సంగతి పట్నపు సెమినార్లలో ఎవరికీ తోచదు.

వ్యాసం కూతురిది, బతుకు తల్లిది. వ్యక్తిగతమంతా రాజకీయమేనని మనం అంటూ వచ్చాం. నేనిప్పటికీ అంటాను. కానీ ఆ మాట అనేటప్పుడు వ్యక్తిగతం ఎవరిది వాళ్ళకు విడిగా ఉంటుందన్నట్టు మాట్లాడాం. ఇంట్లో బతుకు ఉమ్మడిది. కూతురు గొంతు విప్పితే తల్లి గుట్టు బయటపడవచ్చు, అక్క సంసారం వీధిలో పడవచ్చు. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. అడిగేవాళ్ళు ఎదురుగా కూర్చుని అడిగారు, చెప్పేవాళ్ళు తమ కథ తాము చెప్పుకున్నారు. మన క్లాసులో అడిగే టీచరొకరు, రాసే పిల్ల ఇంకొకరు. ఎవరి కథ బయటికి వెళ్తుందో ఆ మనిషి మాత్రం గదిలోనే లేదు. ఆ తల్లిని అడగాలన్న ఆలోచన కూతురిది. ప్రచురణ గురించి మేం పెట్టుకున్న ఏ నియమంలోనూ అది లేదు. ఆ వ్యాసాన్ని ఆ అమ్మాయి క్లాసులో పైకి చదివింది. నలభైమంది విన్నారు. అది ప్రచురణ కాదని నేననుకోను.

ఇక మార్కుల సంగతి. ‘పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం’ అని చెప్పేవాళ్ళ చేతిలోనే ఇంటర్నల్ మార్కులుంటే ఆ ఇష్టం ఏపాటిది? పెళ్ళిచూపుల్లో అందరి ముందూ ‘నీకిష్టమేనామ్మా’ అని అడుగుతారే, అట్లాంటిదే ఇదీ. తల వంచితే ఒప్పుకున్నట్టు లెక్క. పైగా మన కాలేజీలకు అక్రిడిటేషన్ బృందం వస్తుందంటే లింకులు కావాలి, స్క్రీన్‌షాట్లు కావాలి, ‘విద్యార్థినుల డిజిటల్ సృజన’ అని ఫైలు కావాలి. ఆ ఫైలు కోసం పిల్లలు తమ బతుకులు రాసిస్తున్నారు. స్త్రీవాదులమైన మనం కూడా ‘మాట్లాడు, మాట్లాడు’ అంటూ వెంటపడుతున్నాం. ఇన్నాళ్ళూ నోర్మూసుకోమన్నవాళ్ళది ఆజ్ఞ అయినప్పుడు, నోరు విప్పి తీరాలనడం మాత్రం ఆజ్ఞ కాకుండా పోతుందా?

బయట ఉన్నది మన క్లాసు లాంటి చోటు కాదు. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణం తర్వాత ముంబై బంద్‌ని ప్రశ్నిస్తూ పాల్‌ఘర్‌లో ఒక యువతి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది, ఇంకో యువతి దానికి లైకు కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. అప్పుడు వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్ మీద కోర్టుకు వెళ్ళింది శ్రేయా సింఘాల్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని. 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. చట్టం పోయింది గానీ గుంపులు పోలేదు. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అన్న పేర్లతో ముస్లిం స్త్రీల ఫొటోలను సోషల్ మీడియా నుంచి తీసి, వాళ్ళని వేలం వేస్తున్నట్టు చూపించారు. ఆ రెండిటినీ పెట్టింది గిట్‌హబ్‌లో. ఇంజనీరింగ్ విద్యార్థులు తమ ప్రాజెక్టులు దాచుకుని పంచుకునే చోటది. అరెస్టయినవాళ్ళలో ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు, ఒక యువతి కూడా ఉంది. పరికరాలు వాడటం మన క్లాసులు బాగానే నేర్పుతున్నాయి. తెర అవతల ఉన్నది మనిషని మాత్రం ఏ పేపర్లోనూ నేర్పడం లేదు.

అందుకని ఆడపిల్లల రాతల్ని బీరువాలో పెట్టి తాళం వేద్దామా? ఆ పని చేయడానికి మనం అక్కర్లేదు, ఇప్పటికే చాలామంది ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు 33 శాతం, పురుషులు 57 శాతం. స్త్రీలలో ఆ లెక్క ఆంధ్రప్రదేశ్‌లో 21, తెలంగాణలో 26.5. కోవిడ్ క్లాసులతో ఇళ్ళల్లోకి ఫోన్లొచ్చాయి. అవి ఎవరి జేబులో ఉంటాయన్నది ఇల్లిల్లూ తిరిగి చూస్తే తెలుస్తుంది. మా పిల్లల్లో కొందరు తమ్ముడు నిద్రపోయాకే రాస్తారు. ఫోన్ తిరిగిచ్చే ముందు అన్నీ చెరిపేస్తారు.

‘కాపాడటం’ పేరుతో ఏం జరుగుతుందో తెలుగు అచ్చు చరిత్రలోనే ఉంది. పద్ధెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. 1887లో అది అచ్చయినప్పుడు ఆమె తన గురించి చెప్పుకున్న భాగాన్నీ, కొన్ని పద్యాల్నీ తీసేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని వేయించింది. మరుసటి ఏడే అశ్లీలమని ప్రభుత్వం దానిమీద విరుచుకుపడింది. నిషేధం తొలగింది 1947లో. పద్యాల్ని తీసేయడం సరే, ‘నేను ఫలానా’ అని ఒక కవయిత్రి చెప్పుకున్న నాలుగు మాటలు ఎవరి నీతికి అడ్డమొచ్చాయి?

పేరు దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను. మన దగ్గర ఇంటిపేరు చెబితే కులం తెలుస్తుంది, చాలాసార్లు ఊరూ తెలుస్తుంది. పెళ్ళయ్యాక అదీ మారిపోతుంది. భద్రత కోసం అందరి పేర్లూ తీసేసి ‘ద్వితీయ సంవత్సరం విద్యార్థిని’ అని వేద్దామని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు. చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. ఒక దళిత అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. “నాది ఇంటిపేరుతోనే వెయ్యండి మేడం. మా ఇంట్ల ఇప్పటిదాక ఎవ్వరి పేరూ అచ్చుల రాలే.” అందరికీ ఒకే నియమం పెట్టి ఉంటే ఆ పేరుని తీసేసిన చేయి ఈసారి మాదే అయ్యేది. ఇదే కష్టం. ఒకరికి కవచమైనది ఇంకొకరికి చెరిపివేత.

చట్టం ఇందులో పెద్దగా సాయపడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళని పిల్లలుగా లెక్కించి, వాళ్ళ సమాచారం వాడాలంటే తల్లి లేదా తండ్రి అనుమతి ఉండాలంటుంది. కంపెనీల నుంచి పిల్లల్ని కాపాడటానికి అది అవసరమే. అదే పద్ధతిని కాలేజీలు తమ పత్రికకు అన్వయిస్తే, పదిహేడేళ్ళ అమ్మాయి తనకు చేయబోతున్న పెళ్ళి గురించి రాసినదాని మీద నాన్న సంతకం పెట్టాలి! తల్లి సంతకం చాలని చట్టంలో ఉన్నా, ఆ కాగితం ఇంట్లో ఎవరి చేతికి వెళ్తుందో మనకు తెలుసు.

ఈ తలనొప్పి లేకుండా వికీపీడియాలో రాయిద్దామని కొందరంటారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచీ ఉంది. సొంత బతుకు రాయక్కర్లేదు, మారుపేరుతో రాయవచ్చు, ఆధారం చూపించడం నేర్చుకుంటారు. నాకూ నచ్చిన మార్గమే. కానీ అక్కడ రాసిన ప్రతి మార్పూ చరిత్రలో నిలిచి ఉంటుంది, ఒకసారి ఇచ్చిన హక్కుని వెనక్కి తీసుకోలేం. ఇది ముందు చెప్పాలి. ఆధారాల నియమం కూడా కనిపించినంత నిష్పక్షపాతమైనదేమీ కాదు. ఆడవాళ్ళ గురించి అచ్చులో లేకపోతే వాళ్ళు లేనట్టే. భౌతికశాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ మీద ఒకరు రాసిన వ్యాసాన్ని 2018 మేలో ఇంగ్లీషు వికీపీడియాలో ఆధారాలు చాలవని తిరగ్గొట్టారు. అక్టోబరులో ఆమెకు నోబెల్ వచ్చింది. బీడీలు చుట్టే ఆమెకు నోబెల్ రాదు కదా.

మా పద్ధతి ఇప్పుడిట్లా నడుస్తోంది. మార్కులు క్లాసులో చదివినదానికే, చిత్తుప్రతికే. ప్రచురణకు మార్కుల్లేవు. ఎవరి గురించి రాశారో వాళ్ళని అడగాలి. పేరు ఎట్లా ఉండాలో రాసినవాళ్ళే చెప్తారు. ఎప్పుడు తీసెయ్యమన్నా, కారణం అడక్కుండా తీసేస్తాం. ముందు నా వ్యాసం నేను, అవే షరతులతో, పెట్టాలి. అయితే ఒకసారి బయటికెళ్ళినదాన్ని ఎవరు స్క్రీన్‌షాట్ తీసుకున్నారో, ఏ యంత్రం నమిలి దాచుకుందో మేం చెప్పలేం. అది కూడా పిల్లలకు చెప్పేస్తాం. మార్కుల్లేకపోతే ఎవరూ ఇవ్వరని సహోద్యోగులన్నారు. నిజమే, సగంమంది కూడా ఇవ్వడం లేదు. ఫైలు పల్చబడింది. ఇచ్చినవి మాత్రం వాళ్ళు ఇవ్వాలనుకుని ఇచ్చినవి.

ఈ మధ్య ఒకే నెలలో రెండు ఉత్తరాలొచ్చాయి, ఇద్దరూ పాత విద్యార్థినులే. ఒకామె హాస్టల్ రోజుల మీద రాసినదాన్ని తీసెయ్యమంది. అత్తగారింట్లో ఎవరో దాన్ని వెతికి పట్టుకున్నారట. పంతొమ్మిదేళ్ళప్పుడు పేరు పెద్దగా వేయమన్న అమ్మాయే. ఏ అమ్మాయి మాట వినాలి, అప్పటి ఆమెదా, ఇప్పటి ఆమెదా అని నాకు చాలాసేపు తెగలేదు. నియమం ప్రకారం తీసేశాను. రెండో ఆమె అప్పట్లో పేరు లేకుండా ఇచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, ఆ వ్యాసం కింద తన పేరు వేయమని రాసింది. పాత ఇంటిపేరా, కొత్తదా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.