బంతిభోజనమున పలుకు

ఇంటిల్లిపాది బంతిగాఁ గూర్చుండి భుజించుచు, "కాస్త చారు పొయ్యి" అని యొకరును, "చింతపండు తగ్గింది గాని జీలకర్ర బాగా వేగింది" అని మఱియొకరును ముచ్చటించుకొను వేళ, చారులోని చకారము పలువరుస నంటి దంత్యమై, చింతపండులోనిది అంగిలి నంటి తాలవ్యమై, ఎవ్వరి ప్రయత్నమును లేకయే వేఱువేఱుగ వెలువడుచుండును. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణమున సూత్రీకరించిన యీ భేదమును, ఓనమాలైన నెఱుఁగని అవ్వ, జొన్నరొట్టె తుంచి పప్పులో నద్ది మనుమని నోటి కందించుచు, జొన్నకు దంత్యమును జీలకర్రకు తాలవ్యమును ఎన్నఁడును తప్పక పలుకును. అచ్చులో రెంటికిని ఒకే యక్షరము వాడుచుండుట చేతఁ గాఁబోలు, పుస్తకము మూలముననే తెలుఁగు నేర్చిన పిల్లలు కొందఱు చారును చాక్లెట్టు వలెఁ బలుకుచుందురు. వారిని మందలించుట కంటె, ప్రక్కనఁ గూర్చుండఁబెట్టుకొని మాటలాడుచు మఱియొక గరిటె చారు వడ్డించుట మేలని నా తలంపు. చపాతీ మాత్రము, హిందీ నుండి వచ్చిన యతిథి గనుక, తన తాలవ్యమును వీడక మన బంతిలోఁ గూర్చున్నది.