కోర్టు కాని చోట

ఒక తీర్పు నన్ను వదలడం లేదు. 2021 మే 26న ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్‌లో, కోవిడ్ రోజుల్లో కోర్టుగా మార్చుకున్న ఒక నాటకశాలలో వెలువడింది. బోనులో ఇద్దరు రిటైరైన పోలీసు అధికారులు, పోలీసుల తరఫున పనిచేసిన ఒక మాజీ సొలిసిటరు. పోలీసుల వాంగ్మూలాలను మార్పించారన్నది ఆరోపణ. జడ్జి కేసును జ్యూరీ దాకా పోనివ్వలేదు. ఆ వాంగ్మూలాలు వెళ్లింది 1989లో హిల్స్‌బరో దుర్ఘటన మీద లార్డ్ జస్టిస్ టేలర్ జరిపిన పబ్లిక్ ఎంక్వైరీకి. అది చట్టం కింద వేసిన విచారణ కాదు, న్యాయస్థానం అసలే కాదు. అలాంటి చోటికి వెళ్లే కాగితంలో మార్పులు చేయడం న్యాయప్రక్రియకు అడ్డుపడటం కిందికి రాదన్నాడాయన. ముగ్గురూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

నేను నల్లకోటు వేసుకుని బతికినవాణ్ణి. ఆ తర్కంలో ఎక్కడా తప్పు పట్టలేకపోయాను. తప్పు దొరికి ఉంటే ఇంత కాలం దాన్ని మోసేవాణ్ణి కాదు.

హిల్స్‌బరో కథ క్రికెట్టే లోకమైన మనవాళ్లలో చాలామందికి తెలియదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఫుట్‌బాల్ సెమీఫైనల్. బయట జనం పెరిగిపోతుంటే పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. లోపల అప్పటికే కిక్కిరిసిన అరల్లోకి తీసుకుపోయే సొరంగ మార్గాన్ని మాత్రం మూయించలేదు. ముందు ఇనుప కంచె, వెనక నుంచి తోపు. ఊపిరాడక 96 మంది పోయారు. నాటి గాయాలతోనే ఇంకొకరు 2021లో చనిపోయారు. ఆ మధ్యాహ్నమే పోలీసు కమాండరు డేవిడ్ డకెన్‌ఫీల్డ్ అభిమానులే గేటు బద్దలుకొట్టారని చెప్పాడు. ‘తాగుబోతు మూక’ అన్న కథ అలా మొదలైంది. చనిపోయినవాళ్లందరి రక్తంలో, పిల్లలతో సహా, మద్యం ఎంతుందో పరీక్ష చేయించారు. పోలీసులు రాసిన వాంగ్మూలాల్లో 164 మారాయనీ, వాటిలో 116 చోట్ల పోలీసులను తప్పుపట్టే మాటలు పోవడమో పలచబడటమో జరిగిందనీ 2012లో ఒక స్వతంత్ర ప్యానెల్ తేల్చింది.

నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలంటారు. ఈ మాట మీద నాకు ఎప్పటినుంచో కోపం. నిలకడ ఎవరిది? చావుల మీద కరోనరు అనే అధికారి జరిపిన మొదటి విచారణ (ఇంక్వెస్టు) 1991లో ‘ప్రమాదవశాత్తూ మరణం’ అని ముగిసింది. మధ్యాహ్నం మూడుంబావు తర్వాత ఏం జరిగిందో వినక్కర్లేదని కరోనరు గీత గీశాడు. అప్పటికే అందరికీ ప్రాణాంతకమైన దెబ్బ తగిలిపోయిందట. ఆ గీత తర్వాత కూడా కొందరిని బతికించే వీలుండేదని, వాళ్ల సంఖ్య 41 దాకా ఉండొచ్చని ప్యానెల్ చెప్పేదాకా 21 ఏళ్లు పట్టింది. నిజం తనంతట తాను తేలలేదు. లివర్‌పూల్ తల్లులు ముసలివాళ్లయ్యేదాకా మెట్లెక్కి దిగితే తేలింది. కొందరు తేలకముందే పోయారు.

సరే, తేలింది. 2014 మార్చి ఆఖరున వారింగ్టన్‌లో ఇంక్వెస్టు మళ్లీ మొదలై రెండేళ్లకు పైగా నడిచింది. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ 7–2 తేడాతో ఆ 96 మందినీ చట్టవిరుద్ధంగా చంపారని చెప్పింది. నా గొడవ అక్కడ మొదలవుతుంది. ఇంక్వెస్టు అడగాల్సినవి నాలుగే: చనిపోయింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా. ఫలానావాడు నేరస్థుడని పేరుపెట్టి చెప్పడానికి వీల్లేదు. 2005 నాటి ఎంక్వైరీల చట్టమూ అంతే: ఎవరి సివిల్, క్రిమినల్ బాధ్యతా తేల్చే అధికారం ఎంక్వైరీకి లేదని మొదట్లోనే రాసిపెట్టుకుంది. దానికి కళ్లుంటాయి గాని చేతులుండవు.

ఇలాంటి చోట్లే వృత్తి జీవితం గడిపే బారిస్టర్లు అక్కడ ఉన్నారు. వాళ్ల గురించి ఆలోచిస్తే నాకు వింతగా ఉంటుంది. మన ప్లీడరు సాయంత్రం ఇంటికొచ్చి ‘కొట్టేశాం’ అంటాడు, లేకపోతే ‘పోయింది, అప్పీలు వేద్దాం’ అంటాడు. వీళ్లు ఏమంటారు? గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు. ఒక ఇంక్వెస్టులో పోలీసుల పక్కన కూర్చుంటారు, ఇంకోదాంట్లో చచ్చిపోయినవాడి అమ్మ పక్కన, మరోదాంట్లో ఎవరి పక్కనా కాకుండా ఎంక్వైరీకే కౌన్సెల్‌గా. బారిస్టర్లకు ఉండే నియమం కూడా అలాంటిదే. చేయగల కేసు వస్తే, కక్షిదారు నచ్చలేదని తిప్పి పంపకూడదు. ఏ పక్కన కూర్చుంటే ఆ పక్క నిజమే చెప్పే మనిషికి సొంత నిజం ఏముంటుందని ఒకప్పుడు వెటకారం చేసేవాణ్ణి.

వారింగ్టన్ విచారణలో ప్రతి మాటా రాసి, ట్రాన్‌స్క్రిప్టులు అందరికీ అందుబాటులో పెట్టారు. వాటిలో 2015 మార్చి నాటివి చదువుతుంటే ఆ వెటకారం గొంతులో ఆగింది. డకెన్‌ఫీల్డ్ బోనెక్కాడు. గేటు గురించి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత ఆ ఒప్పుకోలు వినడానికే కుటుంబాలు అక్కడ కూర్చున్నాయి. అయితే సొరంగం మూయించకపోవడమే 96 మంది చావుకు నేరుగా కారణమని ఆయనచేత అవుననిపించిన బారిస్టరు కుటుంబాల తరఫువాడు కాదు. పోలీసు సిబ్బంది సంఘమైన పోలీసు ఫెడరేషన్ తరఫువాడు, పాల్ గ్రీనీ. కింది ఉద్యోగులను కాపాడటానికి పైవాడి మీదికి నెట్టాడని అనుకోవచ్చు. అనుకున్నాను కూడా. అయినా ప్రశ్న ప్రశ్నే, జవాబు జవాబే. 22 మందిని బలిగొన్న 2017 నాటి మాంచెస్టర్ అరీనా పేలుడు మీద ఎంక్వైరీ వేసినప్పుడు, ఎవరి పక్షమూ కాని కౌన్సెల్‌గా నిలబడింది కూడా ఆయనే.

అలాంటి విచారణ ఒకటి నేనూ చూశాను. ఉత్తర తెలంగాణలో ఒక చిన్న ఊరు. నేను ఇంకా జూనియర్ని. లాకప్పులో ఒక కుర్రవాడు చనిపోయాడు. కరోనరు అనేవాడు మన జిల్లాల్లో ఎన్నడూ లేడు. పోలీసులే శవ పంచనామా చేసుకుంటారు, కస్టడీ చావైతే అప్పట్లో ఆర్డీవో విచారణ జరిపేవాడు. ఆర్డీవో ఆఫీసు వరండాలో వేపచెట్టు నీడ పడేచోట కూర్చుని ఉంది ఆ కుర్రవాడి తల్లి. మా సీనియర్ని చూసి లేచింది.

“సారూ, మావోడు ఎట్ల పోయిండో చెప్తరా ఈల్లు?”

“చెప్తరమ్మా.”

“ఎవలు కొట్టిన్రో గూడ చెప్తరా?”

“అది ఈడ గాదు.”

“మరి ఏడ?”

సీనియర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. జవాబు చెప్పలేదు.

లోపల స్టేషన్ తరఫున వచ్చిన వకీలు ఆమెను మొదట అడిగిన ప్రశ్న, “నీ కొడుకు తాగుతడా?” నేను లేవబోయాను. సీనియర్ నా మోచెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఆమె తడుముకోలేదు. “తాగుతడు సారూ. తాగినోన్ని కొట్టి సంపుమని ఏడన్న రాసున్నదా?” గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బయటికొచ్చాక అడ్డెందుకు చెప్పనివ్వలేదని అడిగాను. “వాడు అడిగిండు గనకనే ఆమె ఆ మాట అన్నది. మనం లక్ష పేజీలు రాసినా ఆ మాట రాయలేం. అడగనియ్యాలె” అన్నాడాయన. ఎంత గొప్ప మాట అనుకున్నాను. జూనియర్లకు పాఠంలా చాలా ఏళ్లు చెప్పాను.

వారింగ్టన్ చదివినప్పుడు సీనియర్ మాట మళ్లీ నిజమనిపించింది. పోలీసు శాఖ 2012లోనే క్షమాపణ చెప్పింది. అయినా ఇంక్వెస్టులో పోలీసుల లాయర్లు తాగుడు, తోపులాట ప్రస్తావన మళ్లీ తెచ్చారు. ఆ క్షమాపణకు అర్థమేమిటని కుటుంబాలు మండిపడ్డాయి. మండిపడటం న్యాయం. కాని జ్యూరీ ముందున్న ఏడో ప్రశ్న చూడండి: బయట గేట్ల దగ్గర ప్రమాదకర పరిస్థితికి అభిమానుల ప్రవర్తన ఏ రకంగానైనా కారణమా? జ్యూరీ కాదంది. ఆ ‘కాదు’కు అంత బరువు ఎక్కడిది? ఆరోపణను దాచకుండా, మెత్తబరచకుండా, చేతనైన లాయర్లు చేతనైనంతగా నిలబెట్టబోతే నిలబడలేదు కాబట్టి. ఎవరూ అడగకపోతే అది సానుభూతి అయ్యేది. అడిగారు కాబట్టి నిర్ణయం అయింది. నాకు ఈ ముగింపు నచ్చలేదు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ల ముందు ఆ బిడ్డ గురించి అలాంటి ప్రశ్న వేసి జీతం పుచ్చుకునే మనిషి నిజానికి మేలు చేశాడని ఒప్పుకోవడం ఎవరికి నచ్చుతుంది? నచ్చకపోయినా తోసేయలేకపోయాను.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కాని ఆర్డీవో ఆఫీసు కథలో పైన చెప్పని ముక్క ఒకటుంది. కొన్ని నెలలకు ఆ వాంగ్మూలం నకలు మా చేతికొచ్చింది. తల్లి చెప్పిందంతా ఒకే వాక్యం అయింది: “మృతునికి మద్యం సేవించు అలవాటు కలదు.” మిగతాది లేదు. కింద ఆమె వేలిముద్ర. రాసిన గుమాస్తా దుర్మార్గుడేం కాదు. అవసరమైనదే రాశాననుకుని ఉంటాడు. సీనియర్ ఆ కాగితం చదివి బల్ల మీద పెట్టాడు. తన పాఠం గురించి ఆయనా మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

అందుకే సాల్ఫర్డ్ తీర్పు నన్ను ఇంతగా తొలుస్తోంది. శిక్ష వేసే అధికారం లేని విచారణ చివరికి ఇచ్చేది ఏమిటి? రికార్డు. ఇంకేమీ కాదు. కోర్టుకు జైలు ఉంది, జరిమానా ఉంది, జప్తు ఉంది. ఎంక్వైరీకి ఉన్న ఆస్తి మొత్తం కాగితం. మరి దాని మీద జరగగల నేరం ఆ కాగితాన్ని మార్చడం ఒక్కటే కదా? ఆ ఒక్క నేరాన్నీ చట్టం నేరం కాదంది. టేలర్ మోసపోలేదు కదా, 1989 ఆగస్టులోనే పోలీసుల అదుపు తప్పడమే ప్రధాన కారణమని రాశాడు కదా అని నాతో వాదించిన మిత్రుడున్నాడు. నిజమే, టేలర్ మోసపోలేదు. తాళం పగలలేదు కాబట్టి పగలగొట్టబోయినవాడి తప్పేం లేదందామా?

శిక్ష సంగతి కూడా చెప్పాలి. డకెన్‌ఫీల్డ్‌ను 2019 నవంబరులో జ్యూరీ నిర్దోషి అంది. ఆ 96 చావుల తాలూకు కేసుల్లో శిక్ష పడింది ఆ మైదానం నడిపే క్లబ్బు సెక్రటరీ ఒక్కడికే: టికెట్ గేట్ల ఏర్పాట్లలో భద్రతా నిర్లక్ష్యానికి 6,500 పౌండ్ల జరిమానా. వేధించే విషయం ఇది కాదా అని అడగొచ్చు. నన్ను ఇది అంతగా వేధించదు. క్రిమినల్ కోర్టు అనుమానానికి తావులేని రుజువు అడుగుతుంది, అడగాలి. నిర్దోషిగా వదిలితే అక్కడ రికార్డు ఓడిపోలేదు. రికార్డును కోసేస్తే మాత్రం తర్వాత ఏ కోర్టూ ఏమీ చేయలేదు. ప్రభుత్వ ఉద్యోగులు విచారణల ముందు నిజం చెప్పి తీరాలనే బిల్లు, హిల్స్‌బరో పేరుతో పిలిచేది, 2025 సెప్టెంబరులో బ్రిటిష్ పార్లమెంటు ముందుకొచ్చింది. 36 ఏళ్లకు! నిజం చెప్పమని చట్టం చేయాల్సి రావడం సిగ్గుచేటని కొందరన్నారు. సిగ్గు సంగతి ఎలా ఉన్నా, చట్టమైతే కావాలి.

రికార్డు చెడకుండా ఉంటే చాలునా? ఇక్కడే నా వాదం నాకే అడ్డం తిరుగుతుంది. మన దగ్గరే, ఒకప్పుడు ఎన్‌కౌంటర్ల మీద వేసిన భార్గవ కమిషన్ ముందు పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారు పోలీసులను నిలదీస్తుంటే, ఇక తలుపులు మూసి విచారించాలంది ప్రభుత్వం. వినేవాళ్లు ఉంటారని సర్కారుకు భయం ఉండేదన్నమాట. ఇప్పుడు ఆ భయం కూడా లేదేమో. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న నలుగురిని పోలీసులు కాల్చేశారు. జనం పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల వైపు లాయర్లనూ, చనిపోయినవాళ్ల వైపు లాయర్లనూ వినింది, తలుపులు తెరిచే వినింది. పోలీసుల తుపాకులు లాక్కున్నారన్న కథను నమ్మలేదు. చంపాలనే కాల్చారంది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా రాసింది.

లివర్‌పూల్ తల్లులు 27 ఏళ్లు తిరిగి సంపాదించుకున్నది మన చేతికి రెండున్నరేళ్లలో వచ్చింది. వద్దన్నాం. నివేదిక 2022 మేలో బయటపడ్డ రోజు నా పక్కింటాయన, మంచి మనిషి, పేపరు మడిచి, “అయిపోయిందాన్ని ఎందుకు సార్ తవ్వడం?” అన్నాడు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఎవరూ మార్చని కాగితాన్ని ఎవరూ చదవకపోతే, ఆ గుమాస్తా చేసిన పనే మనమంతా కలిసి చేస్తున్నట్టా? అంత మాట అనలేను. కాదని కూడా అనలేను.

ఆ నివేదిక 387 పేజీలు. దాని మీద చర్య తీసుకోకుండా 2024లో తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ స్టే చర్య మీద, చదవడం మీద కాదు. దొరికించుకుని చదవండి. చదివాక పోలీసులే ఒప్పనిపిస్తే ఆ మాటే చెప్పండి, వాదించుకుందాం.