రక్తపు అంగీ సాక్ష్యము

యోసేపు అంగీమీది రక్తమును చూచి, దుష్టమృగమే కుమారుని చంపెనని యాకోబు తలంచెను (ఆది. 37). రక్తము నిజమే గాని అది మేకపిల్లది. మృగము చంపినను, అన్నలు మోసగించినను ఆ అంగీ ఒకేరీతిగా కనబడును. అట్టి గురుతు ఎటును మొగ్గదు.

2025 జూన్ 30న మన పటాన్‌చెరు దగ్గర పాశమైలారములో సిగాచి కార్ఖానా ప్రేలినప్పుడు, గుర్తుపట్టలేని దేహములకును రక్తసంబంధులకును డి.ఎన్.ఎ. పోల్చి చూచిరి. అట్టి పరీక్షలో అడుగవలసినవి రెండు ప్రశ్నలు. ఈ దేహము ఈ తల్లి కుమారునిదైతే ఇట్టి పోలిక ఎంత సహజము? అన్యునిదైతే ఎంత అరుదు? మొదటిది రెండవదానికి ఎన్ని రెట్లో, అంతే సాక్ష్యపు బలము.

లక్షమందిలో ఒకనికుండు గురుతు సరిపోయెననుకొందము. పొరపాటుకు లక్షలో ఒక వంతే తావున్నదని మనము వెంటనే నమ్ముదుము. కాని 2011 జనాభా లెక్కలలో తెలంగాణలో సుమారు 3.5 కోట్లమంది! ఆ గురుతు 350 మందికుండవచ్చును. ఆ పూట పనిలోనున్నవారి పట్టీ తోడైనప్పుడే ఆ సంఖ్య తగ్గును. ధర్మశాస్త్రము ఒక్క సాక్షితో తీర్పు వద్దనుట (ద్వితీ. 19:15) ఇందుకే కాబోలు.

8 మంది దేహములు దొరకనేలేదు. పోల్చుటకు ఏమియు లేనిచోట ఏ లెక్కయు పలుకదు. దూరరాష్ట్రములనుండి వచ్చి రక్తమిచ్చిన బంధువులు వట్టిచేతులతో తిరిగిపోయిరి.