అందని కాగితం, ఆగిన పత్రిక



ఆదివారం పూజ ముగిశాక పత్రిక చేతికి తీసుకుంటారు. శ్రీసభ సంగతుల మీద గృహస్థులు అభిప్రాయం చెప్పవచ్చా అని ఎన్నడైనా ఆలోచించారా? సరిగ్గా ఆ ప్రశ్న మీదనే ఇంగ్లాండులో ఒక కతోలిక పత్రిక నలిగిపోయింది. దాని పేరు 'ది రాంబ్లర్'.

1848లో జాన్ మూర్ కేప్స్ గారు దానిని ప్రారంభించారు. ఆయన ఆంగ్లికన్ పాదిరిగా ఉండి కతోలిక సభలో చేరినవారు. మతంతో పాటు సాహిత్యం, చరిత్ర, రాజకీయాలు అన్నీ అందులో వచ్చేవి. తరువాత రిచర్డ్ సింప్సన్, యువకుడైన జాన్ యాక్టన్ దానికి అండగా నిలిచారు. ఇద్దరూ గృహస్థులే, ఇద్దరూ చదువరులే. వాళ్ళ కలానికి పదును ఎక్కువ, ఓర్పు తక్కువ అని ఒప్పుకోక తప్పదు. పిల్లల బడుల విషయమై ప్రభుత్వం వేసిన కమిషన్‌కు సహకరించాలా వద్దా అన్న విషయంలో 1859లో పత్రిక మేత్రాణులతో విభేదించింది. వారికి ఆగ్రహం కలిగింది. సింప్సన్ తప్పుకోవలసి వచ్చింది. పత్రికను కాపాడడానికి సంపాదకత్వం నెత్తికెత్తుకున్నది ఎవరో తెలుసా? 58 ఏళ్ళ జాన్ హెన్రీ న్యూమన్ గురువులు.

ఆయన మే నెల సంచికలో ఒక చిన్న మాట రాశారు. మరియమాత నిష్కళంకోద్భవాన్ని 1854లో విశ్వాస సత్యంగా ప్రకటించే ముందు విశ్వాసుల మనసు కూడా తెలుసుకున్నారు, అలాంటప్పుడు బడుల వంటి విషయంలో వారిని అడగడం తప్పా అని. బర్మింగ్‌హామ్ మేత్రాణులు ఉల్లథోర్న్ గారు ఆయనను చూడటానికి వచ్చి, ఇంతకూ ఈ గృహస్థులు ఎవరని అడిగారు. వాళ్ళు లేకపోతే శ్రీసభ చూడటానికి వింతగా ఉంటుందని న్యూమన్ బదులిచ్చారు. జులై సంచికతో సంపాదకత్వం వదిలిపెట్టమని ఆయనకు సలహా వచ్చింది. ఆయన ఒప్పుకున్నారు.

కానీ ఆ జులై సంచికలోనే తన వ్యాసం రాశారు. 325లో నిసెయా మహాసభ క్రీస్తు దైవత్వాన్ని ప్రకటించిన తరువాత కూడా ఏరియన్ల బోధ దశాబ్దాల పాటు రాజ్యమేలింది. పునీత అథనాసియూస్ వంటి వారు దేశబహిష్కరణలు భరించి నిలబడ్డారు గాని, మేత్రాణులలో చాలామంది తడబడ్డారు. అప్పుడు విశ్వాసాన్ని గట్టిగా పట్టుకున్నది జ్ఞానస్నానం పొందిన సామాన్య జనమే అని ఆయన చరిత్ర తిరగేసి చూపించారు. బోధించే అధికారం మేత్రాణులదే, అందులో ఆయనకు సందేహం లేదు. విశ్వాసుల సాక్ష్యానికి విలువ ఉందన్నదే ఆయన మాట. గురువులు నెలకొకసారి కూడా రాలేని ఊళ్ళలో జపమాల చెప్పించి పిల్లలకు జపాలు నేర్పిన అవ్వలను ఎరిగిన మీకు ఇది వింతగా తోచదనుకుంటాను.

న్యూపోర్ట్ మేత్రాణులు బ్రౌన్ గారు ఆ వ్యాసం మీద రోముకు ఫిర్యాదు చేశారు. ఏ వాక్యాలు తప్పో చెబితే వివరణ ఇస్తానని న్యూమన్, అప్పుడు రోములో ఉన్న కార్డినల్ వైజ్‌మన్ గారికి 1860 జనవరిలో రాశారు. రోములో ప్రశ్నల పట్టీ తయారైంది. అది న్యూమన్‌కు చేరనే లేదు. అడగలేదు గనుక సంగతి సద్దుమణిగిందని ఆయన అనుకున్నారు. జవాబివ్వలేదు గనుక ఈయన అవిధేయుడని అక్కడివారు అనుకున్నారు. ఏడేళ్ళు! 1867లో ఆయన మిత్రుడు ఆంబ్రోస్ సెయింట్ జాన్ గురువులు రోముకు వెళ్ళినప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. మన ఇళ్ళల్లో, మన విచారణల్లో అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకపోవడానికి కారణం వెదికితే ఇలాంటి అందని కబురే ఎన్నిసార్లు కనిపిస్తుంది!

పత్రిక మాత్రం నిలవలేదు. 1862లో 'ది హోమ్ అండ్ ఫారిన్ రివ్యూ'గా పేరు మార్చుకుని మూడు నెలలకొకసారి వెలువడింది. కతోలిక పండితులు రోము అధికారానికి లోబడాలని తొమ్మిదవ భక్తినాథ పోపుగారు మ్యూనిక్ అగ్రమేత్రాణులకు రాసిన లేఖ చూసి, యాక్టన్ 1864 ఏప్రిల్‌లో దానిని తానే ఆపివేశారు. తాను నమ్మినది కాదనలేకపోయారు, శ్రీసభతో పోరాడనూ లేకపోయారు.

న్యూమన్‌ను 1879లో పదమూడవ సింహరాయ పోపుగారు కార్డినల్‌ను చేశారు. విశ్వాసుల సమూహానికి విశ్వాసాన్ని గుర్తించే వరం ఉందని రెండవ వాటికన్ మహాసభ 1964లో రాసింది. 2019 అక్టోబరు 13న ఆయన పునీతుడయ్యారు. ఒకప్పుడు రోములో అనుమానానికి గురైన ఆ సంపాదకుడిని 2025 నవంబరు 1న అదే రోములో శ్రీసభ పండితునిగా ప్రకటించారు.