తోకచుక్కకు మనతో పనేముంది?

తడ దగ్గర పులికాట్ అంచు వానలకు ముందు సరస్సులా ఉండదు. బీటలువారిన ఉప్పునేల, అక్కడక్కడా తెల్లటి పొర. మా వైపు ఎడారి అంటే అదే. 2024 అక్టోబరు మొదట్లో, తెల్లవారుజామున అయిదు దాటాక, అక్కడే ట్రైపాడ్ నిలబెట్టాను. వెనక, పడమట, శ్రీ సిటీ ఫ్యాక్టరీల దీపాల కాంతి. ఆకాశాన్ని మింగేస్తున్నాయని వాటిని తిట్టుకుంటూనే ఉంటాను గానీ ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది వాటివల్లే.

సుచిన్షాన్-అట్లాస్ తోకచుక్క సెప్టెంబరు 27న సూర్యుడికి ఆరు కోట్ల కిలోమీటర్ల లోపుకు వచ్చి తిరిగిపోతోంది. కంటికి మసక గీత. షట్టరు నాలుగు సెకన్లు తెరిచి ఉంచితే తోక మొత్తం వచ్చింది. కన్ను వెలుగును కూడబెట్టుకోలేదు, సెన్సారు కూడబెడుతుంది. మరి నేను చూసింది ఆకాశంలోని గీతనా, తెరమీది తోకనా?

మొదటి షిఫ్టుకు పోతున్న కుర్రాడు బైకు ఆపాడు.

“ఏం తీస్తా ఉండావన్నా?”

చూపించాను.

“ఇది కనపడితే దేశానికి అరిష్టమని మా అవ్వ చెప్పేది. నిజమేనా?”

కాదన్నాను. మంచు, దుమ్ము, ఎండ తగిలితే ఆవిరి.

“అంతేనా?”

అందులో ఊరట కన్నా నిరాశే వినిపించింది నాకు. నా ఊహే కావచ్చు.

1910లో హేలీ తోకచుక్క తోకలోని విషవాయువు చంపేస్తుందని ఎందరో వణికిపోయారు. అమెరికాలో విరుగుడు మాత్రలు కూడా అమ్ముకున్నారు. అదే ఏడు గురజాడ ‘ముత్యాల సరములు’లో ఆ తోకచుక్కనే సంఘ సంస్కరణకు శుభసూచన చేశాడు. ఎంత ధైర్యం! అయినా ఒక సందేహం పోదు. ఆయన కూడా దాన్ని ఊరికే వదల్లేదు, మనకోసమే వచ్చినట్టు చేశాడు. భయంలోనూ ఉన్నది ఆ గొప్పే కదా: మన రాజు చస్తాడని చెప్పడానికి అంత దూరం నుంచి ఒక మంచుగడ్డ రావాలా? ఆ గొప్పను ఈ పిల్లవాడి దగ్గర లాగేసుకున్నాను. బదులు ఏమిచ్చాను?

“అవ్వకు చూపిస్తా” అంటూ కెమెరా తెరను తన ఫోనులో ఫొటో తీసుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

“ఏడుందన్నా?”

వేలు చూపించాను. అప్పటికే తూర్పు తెల్లబడింది. నాకూ కనపడలేదు.